గ్రౌండుకు గ్రాంటు: మీ ప్రశ్నలు, మా జవాబులు

కాలనీ ఆట కోర్టులు, బస్తీ గ్రౌండ్లు, కుస్తీ నేర్పే తాలీంలకు సర్కారు డబ్బు ఎలా తెచ్చుకోవాలని పాఠకులు అడిగిన ప్రశ్నలకు ఈ నెల జవాబులిస్తున్నాం. చాలా ఉత్తరాల్లో మొదటి వాక్యం ఒకటే: ఎవరికి అర్జీ పెట్టుకోవాలి? అంతకంటే ముందు తేల్చుకోవాల్సింది ఇంకొకటి ఉంది. ఆ జాగా కాగితాల్లో ఎవరి పేరున ఉంది? సంతకం పెట్టే అధికారి మొదట చూసేది అదే.

ప్రశ్న: మా లేఅవుట్‌లో 600 గజాల ఖాళీ జాగా ఉంది. అందులో షటిల్ కోర్టు, వాలీబాల్ కోర్టు రెండూ వేయించాలని సంఘం తీర్మానించింది. కార్పొరేషన్‌ను అడగాలా, ఎమ్మెల్యేనా, ఎంపీనా?
– కాలనీ సంక్షేమ సంఘం కార్యదర్శి, వనస్థలిపురం

ముందు జాగా సంగతి. లేఅవుట్ మంజూరైనప్పుడు ఖాళీ స్థలాన్ని డెవలపర్ స్థానిక సంస్థ పేరున గిఫ్ట్ డీడ్ చేసి రిజిస్టర్ చేయించాలి. మంజూరైన లేఅవుట్ నకలు, గిఫ్ట్ డీడ్ నకలు, ఆ సర్వే నంబరు మీద ఈసీ (జాగా మీద జరిగిన లావాదేవీలు చూపే ధ్రువపత్రం), ఈ మూడూ మీ ఫైల్లో ఉండాలి. మీ ప్రాంతం 2007లో జీహెచ్ఎంసీలో కలవకముందు ఎల్బీనగర్ మున్సిపాలిటీ, అంతకుముందు పంచాయతీ. పాత పంచాయతీ లేఅవుట్లలో గిఫ్ట్ డీడ్ అసలు చేయని సందర్భాలున్నాయి. అలాంటి చోట ఆ ఖాళీ జాగానే ఇంకో ప్లాటుగా అమ్మేసి ఉండవచ్చు, అది ఈసీలో బయటపడుతుంది. డీడ్ లేదని తేలితే ఆట కోర్టు కోసం అర్జీ పక్కన పెట్టి, లేఅవుట్ నకలుతో టౌన్ ప్లానింగ్ విభాగానికి వెళ్లండి. స్థలాన్ని ఆస్తుల రిజిస్టరులో ఎక్కించి, హద్దులు కొలిచి రాళ్లు పాతమని రాతపూర్వకంగా అడగండి. ఆ పని కాకుండా ఏ నిధీ కదలదు. అక్కడ కమ్యూనిటీ హాలు కట్టాలనో, ఇంకేదో కట్టాలనో మీలోనే ఎవరైనా అంటే 1991లో బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట వాళ్లకు వినిపించండి. పార్కుకని వదిలిన జాగాను ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇవ్వడం చెల్లదని ఆ తీర్పు.

ఇక కొలతలు. వాలీబాల్ కోర్టు 18 × 9 మీటర్లు. చుట్టూ 3 మీటర్లు వదలాలి కాబట్టి 24 × 15, అంటే 360 చదరపు మీటర్లు, దాదాపు 430 గజాలు. షటిల్ కోర్టు 13.40 × 6.10 మీటర్లు. చుట్టూ రెండేసి మీటర్లు వదిలితే ఇంకో 210 గజాలు. మొత్తం 640 గజాలైంది, మీ దగ్గరున్నవి 600. పైగా బయట షటిల్ ఆడాలంటే గాలి ఆడనివ్వదు. షటిల్‌ను పక్కన పెట్టడమే మేలని మా అభిప్రాయం. దానికి బదులు త్రోబాల్ గీతలు వేయించండి. త్రోబాల్ కోర్టు 18.30 × 12.20 మీటర్లు కనుక అదే 24 × 15లో ఇమిడిపోతుంది, స్తంభాలను త్రోబాల్ వెడల్పుకు బయట పాతిస్తే రెండు ఆటలకూ అవే సరిపోతాయి. వాలీబాల్ నెట్ మగవాళ్లకు 2.43 మీటర్లు, ఆడవాళ్లకు 2.24 మీటర్లు, త్రోబాల్‌కు 2.20 మీటర్లు. ఈ మూడు ఎత్తులకూ జరుపుకునే స్తంభాలని అర్జీలోనే రాయండి. కోర్టు పొడవు ఉత్తర–దక్షిణాలుగా ఉండాలి. తూర్పు పడమరలుగా వేస్తే పొద్దున ఒక జట్టుకు, సాయంత్రం ఇంకో జట్టుకు ఎండ కళ్లల్లో కొడుతుంది. ఈ ఒక్క మాట చెప్పకపోతే ప్రహరీకి సమాంతరంగా గీసి వెళ్లిపోతారు.

ఇప్పుడు ఎవరిని అడగాలో చూద్దాం. స్థలం కార్పొరేషన్‌దైతే పని చేసేది ఎలాగూ ఇంజినీరింగ్ విభాగమే, డబ్బు ఏ పద్దు నుంచి వచ్చినా. సర్కిల్ డిప్యూటీ కమిషనర్ పేరున అర్జీ రాసి సోమవారం అర్జీలు తీసుకునే ప్రజావాణిలో ఇవ్వండి, రసీదు నంబరు తీసుకోండి. దానికి సంఘం తీర్మానం, పైన చెప్పిన మూడు కాగితాలు, చేతితో గీసిన కొలతల స్కెచ్ జతచేయండి. అసిస్టెంట్ ఇంజినీర్ (ఏఈ) వచ్చి చూసి ఎస్టిమేట్ వేస్తారు. ఆ ఎస్టిమేట్ చేతికొచ్చాకే ఎమ్మెల్యే దగ్గరికో ఎంపీ దగ్గరికో వెళ్లండి. ‘మాకు కోర్టు కావాలి’ అన్న అర్జీలు వాళ్ల ఆఫీసుల్లో కట్టలు కట్టలుగా ఉంటాయి. ‘ఫలానా సర్వే నంబరు, కార్పొరేషన్ జాగా, ఇంత ఎస్టిమేట్’ అని రాసి ఉన్నది వేరుగా కనిపిస్తుంది. ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు. లోక్‌సభ సభ్యులు తమ నియోజకవర్గంలో పనులు సిఫారసు చేస్తారు, రాష్ట్రం నుంచి ఎన్నికైన రాజ్యసభ సభ్యులు రాష్ట్రంలో ఎక్కడైనా చేయవచ్చు. ఈ రెండో దారి చాలామందికి తట్టదు. మంజూరు చేసేది మాత్రం జిల్లా యంత్రాంగం. ఎన్నికల కోడ్ వస్తే కొత్త మంజూరు ఆగిపోతుంది, మంజూరై మొదలుపెట్టని పనీ ఆగుతుంది. అందుకని ఎన్నికల ఏడాదిలో నోటిఫికేషన్ కంటే ముందే పని మొదలయ్యేలా చూసుకోండి.

ఎస్టిమేట్‌లో తరచూ జారిపోయేవి నాలుగు: నీళ్లు బయటికి పోయే కాలువ, కరెంటు కొత్త కనెక్షన్ ఖర్చు, బంతి రోడ్డు మీదికి పోకుండా 3 నుంచి 4 మీటర్ల చైన్‌లింక్ కంచె, చక్రాల కుర్చీ వచ్చే ర్యాంపు. ర్యాంపు వాలు 12 అడుగులకు ఒక అడుగు మించకూడదు. నేల మొరంతో చాలు. 24 × 15 మీటర్లకు 15 సెంటీమీటర్ల మందం కావాలంటే దిమ్మిస కొట్టాక 54 ఘనమీటర్లు తేలాలి, కాబట్టి లారీల లెక్కన వదులుగా 70 ఘనమీటర్ల దాకా తోలించాలి. 54కే ఆర్డరిస్తే మూలలు పల్చబడతాయి. సిమెంటు మీద వాలీబాల్ ఆడితే మోకాళ్లు పోతాయి, ఆ జోలికి పోకండి. చెట్లు అడ్డొస్తే నీళ్లు, భూమి, చెట్ల రక్షణకున్న వాల్టా చట్టం కింద అనుమతి లేకుండా కొట్టకూడదు.

ప్రశ్న: మాది 400 ఫ్లాట్ల గేటెడ్ కమ్యూనిటీ. క్లబ్‌హౌస్ పక్కన ఇండోర్ కోర్టుకు ఎంపీ నిధులు ఇప్పించుకోవచ్చా? అందరం పన్నులు కడుతున్నాం కదా!
– కొండాపూర్

రావు. ఆ నిధితో కట్టినది ప్రజలందరికీ అందుబాటులో ఉండాలి. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్లు పేరడిగి పంపే చోటు ఆ లెక్కలోకి రాదు. మీ గేటు బయట లేఅవుట్‌లో భాగంగా మున్సిపాలిటీకి రాసిచ్చిన ఖాళీ జాగా ఉంటే, దానికి అడగండి. మొదటి ప్రశ్నకు చెప్పిందంతా మీకూ వర్తిస్తుంది.

ప్రశ్న: మా తాలీంలో మట్టి గోదాలో కుస్తీ నేర్పుతున్నాం. ‘ఖేలో ఇండియా కేంద్రం’ అయితే డబ్బొస్తుందంటున్నారు. భవనం కట్టుకోవచ్చా?
– ధూల్‌పేట

అది భవనం డబ్బు కాదు, శిక్షణ డబ్బు. 2020లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన పథకం ప్రకారం దేశంలో 1,000 చిన్న కేంద్రాలు లక్ష్యం. ఒక్కో క్రీడకు ఒకేసారి ఇచ్చే 5 లక్షలతో ఉన్న వసతి బాగుచేసుకుని సామాను కొనుక్కోవాలి. ఆపైన ఏటా 5 లక్షల వరకు కోచ్ వేతనానికి, మ్యాటు, కిట్లు, పోటీల ఖర్చుకు. కుస్తీ ఆ జాబితాలో ఉంది. ఐదేళ్లుగా క్రీడ నేర్పుతున్న సంస్థలకూ అర్హత ఇచ్చారు. అందుకే మీ తాలీం ఎన్నాళ్ల నుంచి నడుస్తోందో చెప్పే కాగితం కావాలి. తాత ముత్తాతల నుంచి ఉందన్న మాటను ఫైలు వినదు. సొసైటీగా రిజిస్టర్ కాకపోతే కనీసం ఏడుగురు సభ్యులతో తెలంగాణ సొసైటీల చట్టం కింద చేయించుకోండి. పాత టోర్నమెంట్ల సర్టిఫికెట్లు, పహిల్వాన్ల హాజరు పుస్తకం, అద్దె రసీదులు, తేదీలున్న ఫొటోలు సర్దిపెట్టుకోండి.

కేంద్రం నిలబడేది ‘మాజీ ఛాంపియన్’ మీద. దేశం తరఫున ఆడినవారికి మొదటి ప్రాధాన్యం. తర్వాత వరుసగా సీనియర్ నేషనల్స్‌లోనో ఖేలో ఇండియా క్రీడల్లోనో పతకం తెచ్చినవారు, అఖిల భారత విశ్వవిద్యాలయాల పోటీల్లో పతకం తెచ్చినవారు, సీనియర్ నేషనల్స్‌లో రాష్ట్రం తరఫున ఆడినవారు. మీ ఉస్తాద్ ఎంత పేరున్నవారైనా, దంగల్‌లో గెలిచిన గదలు ఈ వరుసలోకి రావు. ఆయన శిష్యుల్లో ఎవరైనా ఈ అర్హతల్లోకి వస్తే ఆ మనిషి పేరుతో ప్రతిపాదన పెట్టాలి.

ఇంకో చిక్కు జాగా. పోటీ మ్యాటు 12 × 12 మీటర్లు, మధ్యలో 9 మీటర్ల వలయం. చాలా తాలీంలలో గోదా గది అంత ఉండదు. మ్యాటును సగానికి కోసి పరిస్తే శిక్షణ నడుస్తుంది గానీ, తనిఖీకి వచ్చినవారు టేపు పట్టుకుంటారు. దగ్గర్లోని సర్కారు బడి హాలునో కార్పొరేషన్ హాలునో రోజుకు ఇన్ని గంటలు వాడుకుంటామని రాతపూర్వకంగా ఒప్పందం చేసుకుని జతపరచడం మంచి దారి. దరఖాస్తు మీరు నేరుగా ఢిల్లీకి పంపేది కాదు. జిల్లా యువజన, క్రీడల అధికారి, కలెక్టర్, రాష్ట్ర క్రీడా శాఖ దాటి భారత క్రీడా ప్రాధికార సంస్థకు చేరుతుంది. మీ జిల్లాలో కొత్త కేంద్రాలు తీసుకుంటున్నారా అని ముందు ఆ అధికారినే అడిగి, తర్వాత ఫైలు కట్టండి.

ప్రశ్న: ప్రభుత్వ నిధులతో మా గ్రౌండులో బాస్కెట్‌బాల్ కోర్టు వేశారు. ఏడాది తిరక్కుండానే నీలం రంగు పెచ్చులూడుతోంది. వానలు పడితే ఒక మూల మడుగు. కాంట్రాక్టర్ ‘పిల్లలు చెప్పులతో ఆడారు’ అంటున్నాడు.
– మల్కాజిగిరి

చెప్పులకు ఊడే రంగు షూలకూ ఊడుతుంది. ఊడిన పెచ్చును తిరగేసి చూడండి, సగం సంగతి అక్కడే తెలుస్తుంది. వెనక తెల్లగా సిమెంటు పొడి అంటుకుని ఉంటే కాంక్రీటు పైపొరే బలహీనం. నున్నగా రావాలని పైన సిమెంటు చల్లి తాపీతో రుద్దితే ఇలా అవుతుంది. యాక్రిలిక్ రంగు పట్టాలంటే పైభాగం చీపురు గీతలతో కాస్త గరుకుగా ఉండాలి. పెచ్చు వెనక కూడా రంగే కనిపిస్తే రెండు పూతల మధ్య దుమ్మో తడో ఉండిపోయింది, లేదా రంగులో నీళ్లు ఎక్కువ కలిపారు. పెచ్చుకు ముందు బుడగలొచ్చి ఉంటే కింది నుంచి తేమ ఎక్కుతోంది. కాంక్రీటు కింద ప్లాస్టిక్ షీటు వేయలేదన్నమాట, లేదా పోసిన 28 రోజులు ఆగకుండా రంగేశారు. తేమ పరీక్ష మీరే చేసుకోవచ్చు. రంగు లేని చోట ఒకటిన్నర అడుగు చదరం పారదర్శక ప్లాస్టిక్ పరిచి, నాలుగు అంచులూ టేపుతో గట్టిగా మూసి, 16 గంటలు వదిలేయండి. లోపలివైపు నీటి చుక్కలు పట్టినా, కింద కాంక్రీటు నల్లబడినా తేమ ఉన్నట్టే. వానాకాలంలో తప్పకుండా చేయండి, ఏప్రిల్‌లో చేస్తే ఏమీ కనిపించదు.

మడుగు సంగతి. బాస్కెట్‌బాల్ కోర్టు 28 × 15 మీటర్లు, చుట్టూ రెండేసి వదిలితే 32 × 19. వాలు ఒకే వైపుకు నూటికి ఒకటి చొప్పున ఉండాలి, అంటే 19 మీటర్ల అడ్డానికి ఒక అంచు నుంచి ఇంకో అంచుకు 19 సెంటీమీటర్ల తేడా. మధ్యలో ఎత్తు పెట్టి రెండు వైపులకు వాల్చినా, నాలుగు మూలలకు వాల్చినా ఆట చెడుతుంది, అతుకుల దగ్గర నీళ్లూ ఆగుతాయి. కోర్టంతా తడిపి, ఎండ ఉన్న రోజు గంట తర్వాత చూడండి. రూపాయి బిళ్ల మునిగేంత నీళ్లు ఎక్కడున్నా అది లోపమే. ఫొటో తీసి తేదీ వేయండి.

తర్వాత సమాచార హక్కు దరఖాస్తు. 10 రూపాయల ఫీజుతో ఆ డివిజన్ ప్రజా సమాచార అధికారికి పెట్టండి. ఎస్టిమేట్, అగ్రిమెంట్, చేసిన పని కొలతలు రాసే ఎం–బుక్ పేజీలు, కాంక్రీటు బలం చూసే క్యూబ్ (అచ్చులో పోసిన దిమ్మ) పరీక్షల రిజిస్టర్, క్వాలిటీ కంట్రోల్ నివేదిక అడగండి. 32 × 19 మీటర్లకు 10 సెంటీమీటర్ల మందమంటే దాదాపు 61 ఘనమీటర్ల కాంక్రీటు. కాంక్రీటు పనికి భారత ప్రమాణమైన ఐఎస్ 456 లెక్కన దానికి కనీసం 5 నమూనాలు, నమూనాకు మూడు క్యూబులు తీసి ఉండాలి. రిజిస్టరులో ఒక్క నమూనాయే ఉంటే మీ ఫిర్యాదుకు అదే మొదటి పేరా. చట్టంలోని సెక్షన్ 2(జె) పనిని తనిఖీ చేసే హక్కునూ, సామగ్రి నమూనాను ధ్రువీకరించి తీసుకునే హక్కునూ ఇస్తుంది, దాన్ని వాడుకునేవాళ్లు తక్కువ. వేసిన కాంక్రీటు నుంచి కోర్ (గుండ్రంగా కోసిన ముక్క) తీయించగలిగితే మూడు కోర్ల సగటు బలం నిర్ణయించిన దానిలో 85 శాతానికి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు. 30 రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు.

వీటన్నిటికీ ఒక గడువుంది. లోపాలను కాంట్రాక్టర్ సొంత ఖర్చుతో సరిచేయాల్సిన కాలం ఎంతో అగ్రిమెంట్‌లో రాసి ఉంటుంది. ఆ కాలం ముగిసి డిపాజిట్ వెనక్కిచ్చేశాక మీరు ఎంత మొత్తుకున్నా కొత్త ఎస్టిమేట్, కొత్త టెండరే. ఫిర్యాదు ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు (ఈఈ)కి రాతపూర్వకంగా ఆలోపే చేరాలి. అన్నట్టు, వినాయక మండపానికి ఆ కోర్టులో గడ్డపారతో గుంతలు తవ్వి ఉంటే కాంట్రాక్టర్ ముందు దాన్నే చూపిస్తాడు. మండపం స్తంభాలకు కోర్టు బయట ఇనుప గొట్టాలు పాతించి మూతలు పెట్టుకోండి.

ప్రశ్న: హైటెక్ సిటీలోని ఒక కంపెనీ సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద మా బస్తీ గ్రౌండుకు డబ్బిస్తానంటోంది. మా యువజన సంఘం ఖాతాలో వేయించుకోవచ్చా?
– బోరబండ

అన్ని సంఘాలకూ కుదరదు. 2021 నుంచి నియమాలు బిగించారు. డబ్బు తీసుకునే సంస్థ సొసైటీయో ట్రస్టో లాభాపేక్ష లేని సెక్షన్ 8 కంపెనీయో అయి ఉండాలి, ఆదాయపు పన్ను మినహాయింపుకు, దాతల రాయితీకి రిజిస్ట్రేషన్లు (1961 చట్టంలో 12ఏ, 80జీ) ఉండాలి, ఇలాంటి పనుల్లో మూడేళ్ల అనుభవం ఉండాలి, సీఎస్ఆర్–1 ఫారం నింపి నంబరు తెచ్చుకోవాలి. కట్టిన ఆస్తి కంపెనీ పేరున ఉండకూడదు. రిజిస్టరైన సంస్థ పేరునో లబ్ధిదారుల పేరునో ప్రభుత్వ సంస్థ పేరునో ఉండాలి. గ్రౌండు కార్పొరేషన్‌దైతే కంపెనీ, కార్పొరేషన్ నేరుగా ఒప్పందం చేసుకోవడమే సులువు. మీ సంఘం వాడకం, నిర్వహణ పక్షంగా మూడో సంతకం పెడుతుంది. కంపెనీల చట్టం ఏడో షెడ్యూలులో ఉన్న మాట ‘క్రీడలను ప్రోత్సహించే శిక్షణ’. కాబట్టి ప్రతిపాదనలో ప్రహరీ, గేటు, రంగులు మాత్రమే రాస్తే కంపెనీ కమిటీ వెనక్కి పంపవచ్చు. ఎంతమంది పిల్లలకు, ఏ ఆట, వారానికి ఎన్ని రోజులు, కోచ్ ఎవరు అన్నది ముందుంచి, దానికి కావలసిన వసతిగా గ్రౌండు చూపండి. ఏప్రిల్–జూన్‌లో వెళ్లండి. ఫిబ్రవరిలో వెళితే ఆ ఏడాది డబ్బు అప్పటికే ఎవరికో రాసి ఉంటుంది.

ప్రశ్న: చెరువు పక్కన ఖాళీగా ఉంది, కుర్రాళ్లు క్రికెట్ ఆడుతున్నారు. గ్రౌండుగా చేయమని అడగవచ్చా?
– హయత్‌నగర్

ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండితే నీళ్లు వచ్చే హద్దు) ఎక్కడుందో నీటిపారుదల శాఖ మ్యాపులో చూడనిదే అడగకండి. గీత లోపల కట్టడాలకు అనుమతి ఉండదు. దాని బయట కూడా 10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, అంతకంటే చిన్నదానికి 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకుండా వదలాల్సిన జాగా. గ్రాంటుతో గ్యాలరీ కట్టాక కూల్చాల్సి వస్తే ఆ నష్టానికి ఎవరూ బాధ్యులు కారు. ఎండాకాలం ఆడుకోనివ్వండి, కాంక్రీటు మాట ఎత్తకండి.

ప్రశ్న: కేంద్రం నుంచి మొదటి విడత గ్రాంటు వచ్చింది. ఖర్చు పెట్టాం, రెండో విడత ఆగింది. యూసీ (గ్రాంటు వినియోగ ధ్రువపత్రం) పంపామని మా కోశాధికారి అంటున్నారు.
– క్రీడా సంఘం, సికింద్రాబాద్

యూసీ పంపినా అది సరైన నమూనాలో లేకపోతే పంపనట్టే. సొసైటీలకు కేంద్ర ఆర్థిక నియమాల్లోని జీఎఫ్ఆర్ 12–ఏ నమూనా. ఆర్థిక సంవత్సరం ముగిసిన 12 నెలల్లోగా చేరాలి. అందులో మిగులు, వడ్డీ గడులు ఖాళీగా వదిలేస్తారు. గ్రాంటు మీద బ్యాంకు ఇచ్చిన వడ్డీ మీది కాదు, తిరిగి ప్రభుత్వానికి జమ చేయాల్సిందే. సంఘం చందాల ఖాతాలోనే గ్రాంటు కూడా వేసి ఉంటే వడ్డీ విడదీయడం తలనొప్పి, అందుకే మొదటి రోజే వేరే ఖాతా తెరవమంటాం. కొన్న సామానుకు ఆస్తుల రిజిస్టర్ ఉందో లేదో చూసుకోండి. టేబుల్ టెన్నిస్ బల్ల మీద నంబరు వేసి ఉండాలి, రిజిస్టరులో బిల్లు నంబరు ఉండాలి. గ్రాంటుతో కొన్నదాన్ని అనుమతి లేకుండా అమ్మకూడదు, పాతబడిందని పాత సామాన్లవాడికి ఇచ్చేయకూడదు.

ప్రశ్న: ఎంపీ నిధులతో లైట్లు పెట్టించుకున్నాం. కరెంటు బిల్లు ఎవరు కట్టాలి? గంటకింత అని వసూలు చేయవచ్చా?
– అంబర్‌పేట

ఎంపీ నిధులు ఏటా వచ్చే ఖర్చుకు ఇవ్వరు, కాబట్టి మంజూరుకు ముందే బిల్లు ఎవరిదో కార్పొరేషన్‌తో రాయించుకోవాల్సింది. ఇప్పుడైనా వాడకం ఒప్పందం అడగండి. ఖర్చు మీరనుకున్నంత కాదు. నాలుగు స్తంభాలు, స్తంభానికి 200 వాట్ల ఎల్ఈడీలు రెండు అంటే 1.6 కిలోవాట్లు. రోజుకు నాలుగు గంటలైతే నెలకు 192 యూనిట్లు. ఫీజు మాత్రం కార్పొరేషన్ నిర్ణయించకుండా మీరు పెట్టకండి. గంటల లెక్కన బాక్స్ క్రికెట్‌కు అద్దెకిచ్చిన రోజే బస్తీ పిల్లలు బయటికి పోతారు, మీ మీద ఫిర్యాదూ వెళ్తుంది. మైకు రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిషేధం, లైట్లూ ఆలోపే ఆపితే ఇరుగుపొరుగుతో పేచీ ఉండదు. డబ్బు సంగతి ఎలా ఉన్నా ఒక పని ఈ వారమే చేయించండి: ప్రతి స్తంభానికీ ఎర్తింగ్ ఉందా, బోర్డులో కరెంటు లీకైతే సరఫరా ఆపేసే 30 మిల్లీఆంపియర్ల ఈఎల్‌సీబీ ఉందా, స్తంభం అడుగున వైరు చేతికందే మూత తెరిచి ఉందా అని లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఈఎల్‌సీబీ మీద ఉండే టెస్ట్ బటన్ నొక్కితే లైట్లు ఆరిపోవాలి. ఆరకపోతే మార్చేదాకా వానలో స్విచ్ వేయకండి.